నెల్లూరు తీరంలో ఫొటోగ్రఫీ: ఫ్రేమూ ఎడిటింగూ

కావలి పక్కన తుమ్మలపెంట నుంచి దక్షిణాన పులికాట్ సరస్సు దాకా సాగే ఇసుక తీరాన్ని ఫొటోలు తీసేవాళ్ళు ఇప్పటికీ ఒకే తీరంగా చూస్తారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్ళూరుపేట, శ్రీహరికోట, నేలపట్టు తిరుపతి జిల్లాలోకి వెళ్ళిపోయాయి గానీ, తెల్లవారుజామున బైకు మీద కెమెరా వేసుకుని బయల్దేరేవాడికి ఆ సరిహద్దు గీతతో పనిలేదు. అతనికి పనిబడేది సముద్రమూ ఆకాశమూ కలిసేచోట కనిపించే నీటి గీతతో. ఈ తీరంలో ఫొటోగ్రఫీ నేర్చుకోవడమంటే చాలావరకు ఆ గీతను ఫ్రేములో ఎక్కడ పెట్టాలో, దానికి అడ్డంగా ఏం నిలబెట్టాలో, ఇంటికొచ్చాక దాని పైభాగాన్నీ కింది భాగాన్నీ ఎలా సర్దుకోవాలో నేర్చుకోవడమే.

తీరం స్వరూపం

విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ కొండ ఫ్రేములో సగం పని తనే చేసిపెడుతుంది. మహాబలిపురంలో గుడి ఉంది, బండలున్నాయి. నెల్లూరు తీరంలో అలాంటి సాయం ఏదీ దొరకదు. ఇసుక, నీళ్ళు, ఆకాశం మూడు పట్టీల్లా అడ్డంగా పరుచుకుని ఉంటాయి. మైపాడుకో కొత్తకోడూరుకో మొదటిసారి కెమెరాతో వెళ్ళినవాళ్ళు యాభై ఫొటోలు తీసుకొస్తే యాభైలోనూ ఆ మూడు పట్టీలే ఉంటాయి. ‘అక్కడ నిలబడితే ఎంత బాగుందో, ఫొటోలో చూస్తే ఏమీ లేదు’ అన్న నిట్టూర్పు ఇక్కడ సర్వసాధారణం.

దానికి కారణం తీసినవాడి చేతగానితనం అనుకోనక్కర్లేదు. ఒడ్డున నిలబడ్డ మనిషికి గాలి తగులుతుంది, హోరు వినిపిస్తుంది, కన్ను తనకు నచ్చినదాని మీదే వాలి మిగతాది వదిలేస్తుంది. ఫోను లెన్సుకు ఆ విచక్షణ లేదు. ఇప్పటి ఫోన్లలో ప్రధాన కెమెరా పాత లెక్కలో దాదాపు 24 నుంచి 26 మిల్లీమీటర్ల వైడ్ లెన్సుతో సమానం. దగ్గరున్నదాన్ని పెద్దది చేసి, దూరంగా ఉన్నదాన్ని చిన్నబుచ్చడం దాని స్వభావం. అర కిలోమీటరు దూరంలో కంటికి నిండుగా కనిపించిన పడవ అందులో చీమంత అవుతుంది. కాబట్టి వైడ్ లెన్సు చేతిలో ఉన్నవాడు ఏదో ఒకదాన్ని దగ్గరగా పెట్టుకోక తప్పదు.

దగ్గరగా పెట్టుకోవడానికి ఈ తీరంలో సరుకు లేకపోలేదు. ఒడ్డుకు లాగి పెట్టిన ఫైబర్ పడవలు, వాటి మీద ఆరేసిన వలలు, ఇసుక పీతలు బొరియ చుట్టూ చిమ్మిన ఇసుక గోళీలు, ఊదా పూల తీగలు, ఒడ్డు వెనక నిట్టనిలువుగా బారులు తీరిన సరుగుడు తోటలు. కాస్త లోపలికి వస్తే బకింగ్‌హాం కాలువ, ఇసకపల్లి వైపు ఉప్పు మడులు, ఎటు చూసినా రొయ్యల గుంటలు, వాటిలో నీళ్ళు చిమ్మే ఏరేటర్లు. రొయ్యల గుంట అందంగా ఉందని ఎవరూ అనరు. కానీ గాలి లేని తెల్లవారుజామున ఆ చదరపు నీళ్ళు ఆకాశాన్ని యథాతథంగా పట్టుకుంటాయి. గట్లు గీతల్లా దూరంగా పోయి కలుస్తాయి. ఫ్రేము కట్టడం నేర్చుకునేవాడికి సముద్రం కంటే రొయ్యల గుంటే మంచి బడి అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇరవై అయిదు నిమిషాల వెలుతురు

ఫొటోగ్రఫీ పుస్తకాలన్నీ ‘గోల్డెన్ అవర్’ గురించి చెబుతాయి. ఎండ వాలుగా పడి, రంగు బంగారంగా ఉండే గంట అని అర్థం. ఆ పుస్తకాలు ఎక్కువగా చలిదేశాల్లో రాసినవి. అక్కడ సూర్యుడు ఏటవాలుగా, తీరిగ్గా పైకొస్తాడు. నెల్లూరు ఉన్నది భూమధ్యరేఖకు 14 డిగ్రీల పైన. ఇక్కడ పొద్దు దాదాపు నిలువుగా ఎక్కుతుంది, విషువత్తుల రోజుల్లో గంటకు సుమారు 14 డిగ్రీల చొప్పున. ఎండలో బంగారు ఛాయ ఉండే మొదటి ఆరు డిగ్రీలు దాటడానికి లండన్‌లో అవే రోజుల్లో 40 నిమిషాలు పడితే ఇక్కడ 25 నిమిషాలు చాలు. ఆ తర్వాత ఎండ తెల్లబడిపోతుంది. పుస్తకం చెప్పింది కదా, గంట ఉందిలే అనుకుని టీ తాగి వచ్చేసరికి అయిపోయి ఉంటుంది.

అందుకే చీకటి ఉండగానే ఒడ్డుకు చేరాలి. జూన్ మొదట్లో సూర్యోదయం 5:40 ప్రాంతంలో, జనవరి నడుమ 6:35 దాటాక. పొద్దు పొడవడానికి ముందు ఇరవై నిమిషాల పాటు ఉండే నీలి వెలుతురే నిజానికి ఎక్కువ ఉపయోగం. ఆకాశానికీ ఇసుకకూ మధ్య వెలుగు తేడా అప్పుడు తక్కువ, రెండూ ఒకే ఫ్రేములో ఇముడుతాయి. తడి ఇసుక అద్దంలా మెరిసేదీ అప్పుడే. అల వెనక్కి పోయిన తర్వాత ఆ అద్దం రెండు మూడు సెకన్లే ఉంటుంది.

సూర్యుడు ఏడాది పొడుగునా ఒకే చోట పొడవడు. జూన్ చివర నేరు తూర్పుకు 24 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరు చివర 24 డిగ్రీలు దక్షిణంగా వస్తాడు. ఒక పడవనో పాడుబడ్డ గోడనో ఎంచుకుని సంక్రాంతికి ఒకసారి, వేసవిలో ఒకసారి తీసి చూస్తే అది రెండు వేరు వేరు చోట్లేమో అనిపిస్తుంది. దీనికి ఫోనులో యాప్‌లు ఉన్నాయి. ఇంట్లో గోడకు వేలాడే పంచాంగం కూడా చాలు. ముఖ్యంగా చంద్రోదయానికి. పౌర్ణమినాడు చంద్రుడు పైకి వచ్చేసరికి ఒడ్డు చీకటిపడుతుంది. చంద్రుడు తెల్లటి చుక్కగా, ఇసుక నల్లటి ముద్దగా పడతాయి. అంతకు ముందురోజు, చతుర్దశినాడు, చంద్రుడు ముప్పావుగంటకు అటూ ఇటూగా ముందే వస్తాడు. పడమటి వెలుతురు ఇంకా మిగిలే ఉంటుంది కాబట్టి చంద్రుడూ మనుషులూ ఒకే ఫ్రేములో సరిగ్గా పడతారు. కార్తీక పౌర్ణమి స్నానాల జనం కావాలంటే తెల్లవారుజామున వెళ్ళాలి. చంద్రుడు కావాలంటే ముందురోజు సాయంత్రం వెళ్ళాలి.

తూర్పు తీరం కావడంతో సాయంత్రం సూర్యుడు సముద్రంలో కుంగడు, వీపు వెనక ఊళ్ళ మీద కుంగుతాడు. అందుకని చాలామంది అయిదున్నరకే కెమెరా సర్దేస్తారు. సర్దకుండా, పొద్దుగూకాక పదిహేను నిమిషాల దాకా తూర్పుకే తిరిగి నిలబడితే, నీటి గీత మీద బూడిద నీలం పట్టీ ఒకటి లేస్తుంది. అది భూమి నీడ. దాని పైన గులాబీ రంగు పట్టీ. ఎడిటింగ్‌లో ఏ స్లైడర్ జరిపినా రాని రంగులు అవి. సూర్యుడు నీళ్ళలో కుంగడమే కావాలనుకుంటే మాత్రం పులికాట్ పోవాలి. శ్రీహరికోట రోడ్డు మీద నిలబడి పడమటికి చూస్తే సరస్సు మీద పొద్దు వాలుతుంది.

నీటి గీత ఎక్కడ

ఫ్రేమును అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి, ముఖ్యమైనదాన్ని ఆ గీతల మీద పెట్టమనే సూత్రం కొత్తవాళ్ళు మొదట వినేది. ‘రూల్ ఆఫ్ థర్డ్స్’ అనే ఆ పేరు కెమెరా కంటే పాతది. ఇంగ్లండుకు చెందిన జాన్ థామస్ స్మిత్ 1797లో గ్రామీణ దృశ్యాల చిత్రణ గురించి రాసిన పుస్తకంలో ఈ మాట వాడాడు. ఫొటోగ్రఫీని పారిస్‌లో లోకానికి ప్రకటించింది 1839 ఆగస్టు 19న. చిత్రకారుల సలహా కెమెరాకు వారసత్వంగా వచ్చింది.

ఈ సూత్రం పనికొస్తుంది, కానీ ఈ తీరంలో దాన్ని గుడ్డిగా పాటిస్తే బొమ్మలన్నీ ఒకే పోతలో పోసినట్టు వస్తాయి. గీతను ఎక్కడ పెట్టాలో ఫ్రేములో ఉన్న సరుకే చెబుతుంది. నవంబరు తుపాను మబ్బులు కమ్ముకొస్తుంటే గీతను అట్టడుగుకు తోసేసి ఆకాశానికే చోటివ్వాలి. డిసెంబరులో మబ్బు లేని బోసి ఆకాశమైతే గీతను పై అంచుకు నెట్టి ఇసుక మీది జాడల్ని చూపించాలి, లేదా గీతనే ఫ్రేములోంచి తీసేసి కిందికి చూడాలి. రొయ్యల గుంటలో ప్రతిబింబం పూర్తిగా ఉన్నప్పుడు గీత నట్టనడుమ ఉన్నా తప్పులేదు, సూత్రం ఏం చెప్పినా సరే. ఒక సాంకేతికమైన ఇబ్బంది కూడా ఉంది. చవక వైడ్ లెన్సుల్లో గీత ఫ్రేము అంచుకు దగ్గరయ్యేకొద్దీ విల్లులా వంగుతుంది, మధ్యలో ఉంటే తిన్నగా ఉంటుంది. వంగినదాన్ని ఎడిటింగ్‌లో లెన్స్ కరెక్షన్ నొక్కి సరిచేసుకోవచ్చు.

అన్నిటికంటే ముందు గీత పడుకుని ఉండాలి. నీళ్ళు ఒక పక్కకు కారిపోతున్నట్టు వంగిన సముద్రం ఎంత మంచి బొమ్మనైనా చెడగొడుతుంది. ఫోను సెట్టింగ్స్‌లో గ్రిడ్ ఆన్ చేసుకోవడం అర నిమిషం పని.

గీత కుదిరాక, దాన్ని ఏది కోస్తోందో చూడాలి. నిలబడ్డ మనిషి తలకు సరిగ్గా వెనక నీటి గీత వస్తే మెడ కోసినట్టు ఉంటుంది. కెమెరాను ఒక అడుగు కిందికి దించితే తల ఆకాశంలోకి వస్తుంది, ఒక అడుగు పైకి లేపితే నీళ్ళలోకి పోతుంది. రెండూ బాగుంటాయి, మధ్యలో ఉన్నదే బాగుండదు. పెళ్ళి ఫొటోగ్రాఫర్లకు ఈ సంగతి బాగా తెలుసు. మైపాడు ఒడ్డున ప్రీ వెడ్డింగ్ షూట్లలో వాళ్ళు మోకాళ్ళ మీద కూలబడేది అందుకే.

హైదరాబాదు నిజాం దగ్గర పనిచేసిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలంలో పెద్ద చెక్క కెమెరాలు వాడేవారు. నల్లగుడ్డ కింద తలదూర్చి అద్దం మీద చూస్తే బొమ్మ తలకిందులుగా కనిపించేది. అది ఇబ్బందే అయినా అందులో ఒక లాభం ఉండేది. తలకిందులైన బొమ్మలో ‘ఇది పడవ, ఇది మా బావ’ అని గుర్తుపట్టే తొందర తగ్గి, నలుపు ఎక్కడ బరువుగా ఉందో, తెలుపు ఎక్కడ ఖాళీగా ఉందో తెలిసేది. ఇప్పుడు తీసిన ఫొటోను ఫోనులో తలకిందులు చేసి చూస్తే అదే పని జరుగుతుంది. ఒక పక్కకు ఒరిగిన ఫ్రేము వెంటనే దొరికిపోతుంది.

అలివి వల దగ్గర

ఒక సన్నివేశాన్ని దగ్గరగా చూద్దాం. మత్స్యకారులుండే పట్టపుపాళేల్లో ఇప్పటికీ అక్కడక్కడా అలివి వల లాగుతారు. పడవ వలను సముద్రంలో అర్ధచంద్రాకారంగా వదిలివస్తుంది. దాని రెండు కొసల మోకుల్ని ఒడ్డున రెండు జట్లు పట్టుకుని లాగుతాయి. మొదట జట్ల మధ్య చాలా దూరం ఉంటుంది. వల దగ్గరికొచ్చేకొద్దీ జట్లు ఒకదానివైపు ఒకటి జరుగుతూ చివరికి పక్కపక్కకు చేరతాయి. అంటే ఫ్రేము తనంతట తానే మారిపోతూ ఉంటుంది.

కొత్తవాడు దూరంగా నిలబడి పక్కనుంచి తీస్తాడు. ఎదురెండలో అందరూ ఒకరి మీద ఒకరు పడి నల్లటి ముద్దగా వస్తారు. ఎవరి చేయి ఎవరిదో తెలియదు. అదే మోకు కొసన, చివరి మనిషి వెనక, ఇసుకలో కూర్చుని చూస్తే మోకు కాళ్ళ దగ్గర మొదలై మనుషుల మధ్యగా నీళ్ళలోకి పోతుంది. కంటికి దారి దొరికింది. ఇంక చేయాల్సింది మనుషుల మధ్య సందుల్ని చూడటం. వెనక్కి వాలి లాగుతున్న ప్రతి ఒంటికీ చుట్టూ కాస్త ఆకాశం కనిపించాలి. ఎడమకు రెండడుగులు జరిగితే రెండో మనిషి, మూడో మనిషి విడిపడతారు. మోకాళ్ళు వంగి, మడమలు ఇసుకలో దిగబడి, అందరి బరువూ ఒకేసారి వెనక్కి పడే క్షణం ఒకటుంటుంది. వాళ్ళ కేకల లయ పట్టుకుంటే ఆ క్షణం ముందే తెలుస్తుంది. షట్టర్ 1/500 సెకను ఉంటే చాలు.

ఇలా పదిహేను నిమిషాలు ఒకే చోట కూర్చుంటే ‘ఏంది అబ్బయా, ఇంకా అయిపోలా?’ అని ఎవరో ఒకరు నవ్వుతారు. ఆ నవ్వు తర్వాత కెమెరాను పట్టించుకోవడం మానేస్తారు. మంచి బొమ్మలు మొదలయ్యేది అప్పటినుంచే. వల ఒడ్డుకు పడ్డాక అందరి కెమెరాలూ చేపల మీదికి పోతాయి. అప్పుడు పడవ నీడలోకి వచ్చిన మనుషుల ముఖాలు చూడాలి. నీడలోని మెత్తటి వెలుతురులో గంపల ఆడవాళ్ళ బేరాలు, వేళ్ళ లెక్కలు ఎండలో కంటే ఎంతో బాగా పడతాయి.

అడక్కుండా ముఖం మీదికి కెమెరా పెట్టడం ఇక్కడ మర్యాద కాదు. ‘అన్నా, ఒక ఫొటో తీసుకుంటా’ అంటే కాదనేవాళ్ళు తక్కువ. మళ్ళీ వచ్చేటప్పుడు ఆ ఫొటోను ప్రింటు వేయించి చేతికిస్తే పాళెంలో ఆ తర్వాత పరిచయం చేసుకోవాల్సిన అవసరం ఉండదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. వలలు అల్లుతూ, రంగులు వేస్తూ, ఇంజన్లు విప్పుతూ మనుషులు తీరిగ్గా దొరికే కాలం అది. పోర్ట్రెయిట్లు నేర్చుకోవడానికి అంతకంటే మంచి రోజులుండవు. వాళ్ళకు అవి రాబడి లేని రోజులన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి.

పక్షులూ రాకెట్లూ

సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పులికాట్ మీదుగా పోయే రోడ్డు సుమారు 18 కిలోమీటర్లు, దాదాపు తూర్పు పడమరలుగా ఉంటుంది. శీతాకాలంలో, అంటే ఫ్లెమింగోలు వచ్చే కాలంలో, సూర్యుడు రోజంతా దక్షిణపు పక్కనే తిరుగుతాడు. కాబట్టి రోడ్డుకు ఉత్తరాన ఉన్న పక్షుల మీద ఎండ నేరుగా పడుతుంది, గులాబీ రంగు తెలుస్తుంది. దక్షిణాన ఉన్నవి ఎదురెండలో నల్లటి గీతలుగా కనిపిస్తాయి. ఒకే రోడ్డు మీద రెండు రకాల బొమ్మలు. చాలామంది పక్షులు ఎటు ఎక్కువ ఉంటే అటే ఆగిపోతారు.

ఫ్లెమింగోల దగ్గరికి నడవడం వల్ల ఉపయోగం లేదు. ఒకటి తల ఎత్తితే గుంపంతా ఎత్తుతుంది, ఇంకో పదడుగులకు లేచిపోతుంది. లేచిన గుంపు బొమ్మకు బాగుంటుందని కావాలని తరిమేవాళ్ళున్నారు. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి మేత మేస్తున్న పక్షిని ఫొటో కోసం లేపడం హీనమైన పని. లెన్సు చిన్నదైతే చిన్న లెన్సు బొమ్మే తీయాలి. విశాలమైన నీళ్ళలో సన్నటి గులాబీ చార, దాని కింద ప్రతిబింబం, మిగతా అంతా ఖాళీ. పెద్ద లెన్సున్నవాళ్ళకు ఆ ఖాళీ దొరకదు.

దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రం 1976లో ఏర్పడింది. అక్కడ చెరువు నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లల్ని లేపుతాయి. గూడు ఒకే చోట ఉంటుంది కాబట్టి పక్షి ఎటునుంచి వస్తుందో నాలుగైదుసార్లు చూస్తే తెలిసిపోతుంది. ఎగిరే పక్షిని పట్టడం నేర్చుకోవడానికి ఇది మంచి చోటు. 1/1600 సెకను, పక్షి ముందు కాస్త ఖాళీ, కంటి మీద ఫోకస్. తెల్లటి పక్షిని నల్లటి నీళ్ళ ముందు తీస్తే కెమెరా మోసపోయి తెలుపును పేలగొడుతుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాపు తగ్గించుకోవాలి. ఉప్పు మడుల్లో దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ అంతా తెలుపే కాబట్టి కెమెరా దాన్ని బూడిద చేస్తుంది, ఒక స్టాపు పెంచుకోవాలి. 2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్ సమయంలో సూళ్ళూరుపేటలో జనం కిటకిటలాడతారు. పక్షుల కోసమే అయితే మామూలు రోజున వెళ్ళడం మేలు.

రాకెట్టు ప్రయోగాల గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. పగలు తీస్తే పొగ, రాత్రి తీస్తే వెలుగు చార. రాత్రిపూట ట్రైపాడ్ మీద ఐఎస్ఓ 100, ఎఫ్/11, రెండు నిమిషాల పాటు షట్టర్ తెరిచి ఉంచితే రాకెట్టు పోయిన దారంతా ఒకే ఫ్రేములో విల్లులా పడుతుంది. అన్నిటికంటే అరుదైనవి పొద్దు పొడవక ముందు జరిగే ప్రయోగాలు. శ్రీహరికోట నుంచి వందో ప్రయోగం, జీఎస్ఎల్‌వీ-ఎఫ్15, 2025 జనవరి 29న ఉదయం 6:23కు జరిగింది. అప్పటికి నేల మీద సూర్యోదయానికి పావుగంట దాకా ఉంది. అలాంటి వేళల్లో కింద ఇంకా మసకగానే ఉన్నా, పైకెళ్ళిన పొగకు ఎండ తగులుతుంది. ఆ చుట్టుపక్కల డ్రోన్ ఎగరేసే ఆలోచన మాత్రం పెట్టుకోకూడదు, అది రక్షిత ప్రాంతం.

ఎడిటింగ్: ఏరడం, ఆ తర్వాతే దిద్దడం

ఎడిటింగ్ అనగానే కొత్తవాళ్ళు రంగుల స్లైడర్లు అనుకుంటారు. మొదటి ఎడిటింగ్ ఏరడం. బియ్యం చేటలో పోసి చెరిగినట్టు, పొద్దున తీసిన మూడు వందల్లో పది మిగిలేదాకా చెరగాలి. కళ్ళు మూసినవి, షేక్ అయినవి, గీత మెడ కోసినవి ముందు పోతాయి. ఆ తర్వాతే కష్టం. ఒకే పడవవి పన్నెండు ఉంటాయి, పన్నెండూ పర్వాలేదనిపిస్తాయి. ఒక్కటే ఉంచాలి. అదే రోజు ఏరితే ఆ పొద్దుటి గాలి, హోరు ఇంకా మనసులో ఉండి ప్రతి ఫొటో గొప్పగా కనిపిస్తుంది. వారం ఆగి ఏరితే ఫ్రేములో ఉన్నదే కనిపిస్తుంది.

సముద్రపు ఫొటోకు దిద్దుబాటు అవసరమన్నది నిన్న మొన్నటి మాట కాదు. 1850లలో వాడిన కొలోడియన్ ప్లేట్లకు నీలం రంగు మీద మోజెక్కువ. సముద్రం సరిగ్గా పడేంత సేపు తెరిచి ఉంచితే ఆకాశం పేలిపోయి తెల్లకాగితం అయ్యేది. ఫ్రాన్సుకు చెందిన గుస్తావ్ ల గ్రే దానికి ఉపాయం కనిపెట్టాడు. ఆకాశానికి ఒక నెగెటివ్, సముద్రానికి ఒక నెగెటివ్ తీసి, రెంటినీ సరిగ్గా నీటి గీత దగ్గర అతికి ప్రింటు వేశాడు. 1857లో సెట్ అనే రేవు పట్టణంలో తీసిన ‘పెద్ద అల’ బొమ్మ అలా తయారైందే. ఇవాళ ఫోనులో హెచ్‌డీఆర్ అనే పేరుతో ప్రతి నొక్కుకూ జరిగేది దాదాపు ఆ పనే. వేరు వేరు వెలుగుల్లో కొన్ని బొమ్మలు తీసి ఫోనే అతుకుతుంది. మన ఊళ్ళ స్టూడియోల్లో ఫిల్ము రోజుల్లో నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో టచింగ్ చేసేవాళ్ళు ఉండేవారు. ముఖం మీది మచ్చ, కంటి కింది గుంట వాళ్ళ చేతిలో మాయమయ్యేవి. ఫొటోషాప్ 1990లో, లైట్‌రూమ్ 2007లో వచ్చాయి. ఫోనులో ఉచితంగా దొరికే స్నాప్‌సీడ్ 2011లో వచ్చింది. నేర్చుకునేవాడికి స్నాప్‌సీడ్ ధారాళంగా సరిపోతుంది.

కెమెరాలో వీలుంటే రా ఫైలు తీయాలి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు ఉంటాయి, 14 బిట్ల రా ఫైలులో 16,384. తెల్లవారుజామున మసక ఆకాశాన్ని కాస్త లాగగానే జేపెగ్‌లో రంగు పట్టీలు పట్టీలుగా విరుగుతుంది. రా తట్టుకుంటుంది. అలాగే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలేస్తే కెమెరా పొద్దుటి ఎర్రదనాన్ని తప్పుగా భావించి సరిచేసేస్తుంది. డేలైట్‌లో పెడితే కంటికి కనిపించినట్టే ఉంటుంది.

ఇందాకటి అలివి వల బొమ్మనే తీసుకుందాం. ముందు గీత సరిచేయడం, ఒక డిగ్రీ తిప్పితే చాలింది. కుడి అంచున సగం కోసుకుపోయిన ఒక మనిషి ఉన్నాడు. అతను బొమ్మలో లేడు, బయటా లేడు. క్రాప్ చేసి తీసేస్తే మోకు సరిగ్గా మూలనుంచి మొదలైంది. తర్వాత హైలైట్స్ తగ్గిస్తే సూర్యుడి చుట్టూ తెల్లగా పేలినచోట కాస్త రంగు తిరిగొచ్చింది. అందరూ పడే గుంట ఇక్కడుంది. నల్లగా ఉన్న మనుషుల్ని చూసి షాడోస్ స్లైడర్‌ను చివరిదాకా లాగుతారు. ఎదురెండలో ముఖాలు పగటిపూటలా కనిపిస్తాయి, బొమ్మ మాత్రం చచ్చిపోతుంది. నీడ నీడగానే ఉండాలి. ఇక్కడ ఒంటి అంచులు తెలిసేలా కొంచెమే పెంచి వదిలేశాం. మోకు మీద మాత్రం బ్రష్‌తో అర స్టాపు వెలుగు వేస్తే కన్ను దాని వెంటే పోతుంది. డార్క్‌రూమ్‌లో చేతులు అడ్డం పెట్టి చేసిన డాడ్జింగ్, బర్నింగ్ ఇదే. చివరగా సాచురేషన్‌ను పెంచాలనిపించింది, పెంచి చూసి వెనక్కి తెచ్చాం. మొత్తం పది నిమిషాల పని.

అంచున ఒక ప్లాస్టిక్ కవరు కూడా ఉంది. దాన్ని చెరిపేయాలా? ఇంట్లో గోడకైతే ఎవరికీ అభ్యంతరం లేదు. పత్రికకో పోటీకో అయితే చెరపకూడదు. వరల్డ్ ప్రెస్ ఫొటో వంటి పోటీల్లో ఫ్రేములో ఉన్నదాన్ని తీసినా, లేనిదాన్ని కలిపినా ఫొటో చెల్లదు. సెన్సార్ మీది దుమ్ము చుక్కను తుడవడం వేరు, అక్కడ నిజంగా పడి ఉన్న కవరును తుడవడం వేరు. ఒక్క నొక్కుతో ఆకాశాన్ని మార్చే యాప్‌ల సంగతికొస్తే, మబ్బుల్లో ఎండ ఎడమనుంచీ మనుషుల మీద కుడినుంచీ పడుతున్న మైపాడు బొమ్మలు కనిపిస్తూనే ఉంటాయి.

చర్మం రంగు గురించి గట్టిగానే చెప్పాలి. పెళ్ళి ఆల్బముల్లో ‘కలర్ తెప్పించడం’ అలవాటైన చేయి సముద్రపు మనిషి ముఖం మీద కూడా ఆగదు. నారింజ రంగు వెలుగును పెంచగానే ఎండలో మాగిన నిగనిగలాడే నలుపు బూడిద పూసినట్టు అవుతుంది. ఫోన్లలో బ్యూటీ మోడ్ అయితే అడక్కుండానే ఆ పని చేస్తుంది, ముడతల్ని కూడా నున్నగా చేసి పారేస్తుంది. కెమెరా పట్టిన మొదటి రోజే దాన్ని ఆపేయాలి. నల్లటి చర్మం మీద మెరుపులోనే ముఖం ఆకారం తెలుస్తుంది. ఆ మెరుపు కాపాడుకోవాలంటే ఎక్స్‌పోజర్‌ను కాస్త తగ్గించి తీయాలి. నలుపు తెలుపుల్లోకి మార్చి చూడటం కూడా మంచి సాధన. మాయాబజార్ (1957)లో మార్కస్ బార్ట్‌లే పట్టిన వెన్నెలను తలుచుకుంటే రంగు లేకుండా వెలుగు ఎంత చెప్పగలదో అర్థమవుతుంది.

ప్రింటూ చదువూ

ఫోను తెరమీద బాగున్న బొమ్మ ప్రింటులో మసకబారడం మామూలే, ఎందుకంటే తెర తనే వెలుగుతుంది, కాగితం వెలగదు. స్టూడియోల్లో దొరికే 12×18 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600×5400 పిక్సెళ్ళు కావాలి, అంటే దాదాపు 19 మెగాపిక్సెళ్ళు. గోడమీద దూరంనుంచి చూసేదానికి 200 చుక్కలైనా సరిపోతాయి. నెలకు ఒక్క బొమ్మయినా ప్రింటు వేయిస్తే ఫ్రేములోని తప్పులు తెలిసినంతగా వెయ్యి లైకులతో తెలియవు. పద్ధతిగా చదవాలనుకునేవాళ్ళకు హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ డిగ్రీ ఉంది. 2015 నుంచి హైదరాబాదులో జరుగుతున్న ఇండియన్ ఫొటో ఫెస్టివల్‌లో పెద్ద ప్రింట్లను దగ్గరగా చూడవచ్చు.

ఉప్పుగాలి

తీరంలో కెమెరాకు శత్రువులు మూడు: ఉప్పు, ఇసుక, తేమ. ఏసీ గదిలోంచి నేరుగా ఒడ్డుకు పోయి కెమెరా తీస్తే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది. ఈ వ్యాసకర్త ఒక మంచి పొద్దును అలా లెన్సు తుడుచుకుంటూ పోగొట్టుకున్నాడు. బయల్దేరే అరగంట ముందే కెమెరాను సంచితో సహా వరండాలో పెట్టాలి. ఒడ్డున లెన్సు మార్చకూడదు. ఉప్పు తుంపర్లు పడితే పొడిగుడ్డతో రుద్దకుండా మంచినీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో అద్ది, తర్వాత ఆరనివ్వాలి. ట్రైపాడ్ కాళ్ళను ఇంటికి రాగానే విప్పి కడగాలి. కీళ్ళ సందున ఒకసారి చిక్కిన ఇసుక ఆ తర్వాత ఎన్నిసార్లు తుడిచినా కరకరలాడుతూనే ఉంటుంది.